ఈమధ్య ఏం చదివారు? పాఠకుల ప్రశ్నలు, సూటి జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ పుస్తకాల మీదే అడగమన్నాం. నవల కావచ్చు, కవిత్వం కావచ్చు, సైన్స్ కావచ్చు, ఏ రకమైనా సరే, ఈమధ్య నేను చదివినవాటి మీద నాకేమనిపించిందో దాచకుండా చెబుతానన్నాను. ఒకే సంగతిని రకరకాలుగా అడిగినవాళ్ళ ఉత్తరాలు కలిపేశాను. ఇవి విమర్శకుల తీర్పులు కావు, ఒక పాఠకురాలి అభిప్రాయాలు.

ప్రశ్న: ఈమధ్య చదివినవాటిలో మిమ్మల్ని బాగా పట్టేసిన పుస్తకం ఏది మేడమ్? ఒక్కటే చెప్పండి, పది పేర్లు చెప్పి తప్పించుకోవద్దు.

జవాబు: ఒక్కటే అంటే టాల్‌స్టాయ్ ‘ఇవాన్ ఇల్యీచ్ మరణం’. 1886లో వచ్చింది, ఒక పూటలో అయిపోయేంత చిన్న నవల. చనిపోతాడన్న సంగతి పేరులోనే చెప్పేశాడు, పైగా కథ మొదలయ్యేదే చావు కబురుతో. తోటి న్యాయాధికారులు పేపర్లో ఆ వార్త చదవగానే వాళ్ళ మనసుల్లో మెదిలేది ఆ ఖాళీలోకి ఎవరొస్తారు, తమకో తమవాళ్ళకో ప్రమోషన్ దొరుకుతుందా అన్న లెక్క. పరామర్శకు వెళ్ళిన స్నేహితుడి ధ్యాసంతా ఆ సాయంత్రం పేకాట మీద. భార్య ఏడుస్తూనే, ప్రభుత్వం నుంచి ఇంకొంచెం డబ్బు రాబట్టే దారేమైనా ఉందా అని అతన్ని ఆరా తీస్తుంది. వీళ్ళెవరూ దుర్మార్గులు కారు, అదే నన్ను కూర్చోనివ్వలేదు. ఎవరైనా పోయారని తెలిసినప్పుడు మనలో ఒక మూల ‘నేను కాదు కదా’ అని ఊపిరి పీల్చుకునే మనిషి ఒకడుంటాడే, వాణ్ణి పట్టుకుని వెలుతురులో నిలబెట్టాడు.

జబ్బు మొదలైన తీరు చూడండి. కొత్త ఇంట్లో కర్టెన్లు ఎలా వేలాడాలో పనివాడికి చూపించబోయి నిచ్చెన మీద కాలు జారితే డొక్కలో దెబ్బ తగులుతుంది, అంతే. తర్వాత డాక్టర్లు ఇది కిడ్నీయా అపెండిక్సా అని తర్కించుకుంటారు గానీ, ఇది ప్రాణం మీదికి వచ్చిందా లేదా అన్న అతని ఒక్క ప్రశ్నకు ఎవరూ జవాబివ్వరు. కోర్టులో తన ఎదుట నిలబడ్డ ముద్దాయిలతో తనూ ఇన్నేళ్ళుగా ఇదే మొహం పెట్టుకుని మాట్లాడాడని అప్పుడతనికి తెలుస్తుంది. ఇంట్లో అందరూ ‘ఏం కాదు, మందులు వేసుకుంటే తగ్గిపోతుంది’ అని నటిస్తుంటే, పల్లెటూరి పనివాడు గెరాసిమ్ ఒక్కడే ఆ అబద్ధం ఆడడు. నొప్పి తగ్గుతుందంటే అతని కాళ్ళను తన భుజాల మీద పెట్టుకుని రాత్రంతా కూర్చుంటాడు. మంచానపడ్డ మనిషికి సేవ చేసినవాళ్ళెవరైనా ఆ పేజీల దగ్గర ఆగిపోతారు.

చివరి రెండు మూడు పేజీలతో మాత్రం నాకు పేచీ ఉంది. మూడు రోజులు ఆగకుండా కేకలు పెట్టిన మనిషికి ఆఖరి ఘడియల్లో అంత తొందరగా వెలుగు కనబడటం టాల్‌స్టాయ్ నమ్మకంలోంచి వచ్చిందే గానీ ఇవాన్ ఇల్యీచ్ బతుకులోంచి వచ్చినట్టు నాకు తోచలేదు. కానీ దానికి కాస్త ముందు, కొడుకు వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుని పెదవులకు ఆనించుకుని ఏడుస్తాడు, ఆ చోటు నూటికి నూరుపాళ్ళూ నిజం. అక్కడే ముగించి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

ప్రశ్న: డిటెక్టివ్ నవలలు టైమ్‌పాస్ పుస్తకాలని మా ఇంట్లో తీసిపారేస్తారు. మీరు చదువుతారా? చదివితే వాటిని సాహిత్యం అంటారా?

జవాబు: చదువుతాను, ఇష్టంగా చదువుతాను. ఈమధ్యే అగాథా క్రిస్టీ ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్‌రాయిడ్’ రెండోసారి చదివాను. 1926 నాటి పుస్తకం. 2013లో బ్రిటన్ నేరకథా రచయితల సంఘం ఓటింగ్ పెడితే ఇప్పటిదాకా వచ్చిన నేరకథా నవలల్లో ఇదే అత్యుత్తమం అని తేల్చారు. హంతకుడు ఎవరో చెప్పను, చెబితే మీ అందరి ఉసురు తగులుతుంది.

రెండోసారి ఎందుకు చదివానంటే, జవాబు తెలిసిపోయాక కూడా ఆ పుస్తకం నిలబడుతుందా లేదా చూద్దామని. నిలబడింది. మొదటిసారి మామూలుగా దాటేసిన వాక్యాలు రెండోసారి ఒళ్ళు జలదరించేలా చేశాయి, ఎందుకంటే వాటిలో అబద్ధం లేదు. ఆధారాలన్నీ మన కళ్ళముందే పెట్టింది, మనమే వేరే వైపు చూశాం. ఇది మోసం అని పుస్తకం వచ్చిన కొత్తలోనే కొందరు గొడవపడ్డారు. నేను ఒప్పుకోను. పాఠకుడి తెలివిని ఇంత గౌరవించిన రచన మోసం ఎలా అవుతుంది? పాత్రల లోతు చూస్తే టాల్‌స్టాయ్ పక్కన నిలబెట్టలేం, నిజమే. కానీ కథ ఎవరు చెబుతున్నారు, ఎందుకు చెబుతున్నారు, ఏది చెప్పకుండా దాటేస్తున్నారు అన్న మూడు ప్రశ్నలు నాకు అలవాటు చేసింది ఇలాంటి నవలలే. ఆ అలవాటు తర్వాత ఆత్మకథలు చదివేటప్పుడు చాలా పనికొచ్చింది. మీ ఇంట్లోవాళ్ళకు ఈ పుస్తకం ఇచ్చి చూడండి, సగంలో లాక్కోబోతే ఇవ్వరు.

ప్రశ్న: మనసు ఎలా పనిచేస్తుందో చెప్పే పుస్తకాలు ఈమధ్య తెగ వస్తున్నాయి. ఏది నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది. మీరు చదివినవాటిలో నమ్మదగ్గది ఏది?

జవాబు: డేనియల్ కానెమన్ ‘థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో’. 2011లో వచ్చింది. ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త అయినా 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మనలో రెండు రకాల ఆలోచన ఉందంటాడు. ఒకటి తడుముకోకుండా టక్కున జవాబు చెప్పేది, రెండోది ఆగి లెక్క వేసేది. బ్యాటూ బంతీ కలిపి 110 సెంట్లు, బంతికన్నా బ్యాటు 100 సెంట్లు ఎక్కువ, మరి బంతి ఎంత? 10 అని నోటికి వచ్చేస్తుంది. సరైన జవాబు 5. ఇంత చిన్న లెక్కతో మన తొందరను మనకే చూపించడం ఆ పుస్తకం గొప్పతనం.

ఇక నమ్మకం సంగతి. ఈ పుస్తకంలో ఒక అధ్యాయం ఇప్పుడు గట్టిగా నిలబడటం లేదు. ముసలితనానికి సంబంధించిన మాటలు కంటబడితే మనుషులు తెలియకుండానే నెమ్మదిగా నడుస్తారు అనే తరహా ప్రయోగాలను అందులో పూర్తి నమ్మకంతో చెప్పాడు, నమ్మకపోవడానికి వీల్లేదన్నంత గట్టిగా చెప్పాడు. తర్వాత వేరేవాళ్ళు అవే ప్రయోగాలు మళ్ళీ చేస్తే చాలావాటిలో ఆ ఫలితాలు రాలేదు. అసలు ఆశ్చర్యం ఏమిటంటే, కొద్దిమంది మీద చేసిన పరిశీలనను పట్టుకుని పెద్ద నిర్ణయాలకు రాకూడదని 1971లోనే తన సహచరుడు ఏమొస్ ట్వెర్‌స్కీతో కలిసి వ్యాసం రాసింది కూడా ఈయనే. 2017లో, ఆ చిన్న చిన్న ప్రయోగాలను నేను అతిగా నమ్మాను అని బాహాటంగా ఒప్పుకున్నాడు. అప్పటికి ఎనభై దాటిన మనిషి, నోబెల్ వచ్చిన మనిషి! నాకు ఆ పుస్తకం మీద గౌరవం ఈ సంగతి తెలిశాక తగ్గలేదు, పెరిగింది. మనిషి తన ఊహల్ని తను ఎంత సులువుగా నమ్మేస్తాడో చెప్పే పుస్తకానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు కదా. కాబట్టి చదవండి, కానీ ఆ ప్రయోగాల అధ్యాయం దగ్గర కాస్త ఆగండి. ఇలాంటి పుస్తకం ఏది కొన్నా, అది వచ్చిన తర్వాత ఆ విషయం మీద ఏం జరిగిందో ఒకసారి వెతికి చూడటం అలవాటు చేసుకోండి. సైన్స్ పుస్తకం నవల కాదు, దానికి వయసు మీద పడుతుంది.

ప్రశ్న: అందరూ ఆహా ఓహో అన్న పుస్తకం నాకు అస్సలు ఎక్కలేదు. లోపం నాదేనా?

జవాబు: కాదండీ. పుస్తకం పేరు మీరు రాయలేదు కాబట్టి నాకు ఎక్కనివి చెబుతాను. పాలో కోయెలో ‘ది ఆల్కెమిస్ట్’, 1988 నాటిది, ఎన్నో దేశాల్లో ఎంతోమందికి ప్రాణం. గట్టిగా కోరుకుంటే విశ్వమంతా కలిసి నీకు సాయపడుతుంది అన్న మాట దగ్గరే నాకూ ఆ పుస్తకానికీ చెడింది. గట్టిగా కోరుకుని, కష్టపడి, అయినా దక్కనివాళ్ళ సంగతేమిటి? వాళ్ళు సరిగ్గా కోరుకోలేదనా? ఆ ప్రశ్నను పుస్తకం తాకదు. నాకు అందులో బతికున్న మనిషిగా అనిపించింది గాజు సామాన్ల వ్యాపారి ఒక్కడే. మక్కా వెళ్ళాలని జీవితమంతా కలలు కంటాడు, వెళ్ళడు, వెళ్ళొస్తే ఆ తర్వాత బతకడానికి ఏం మిగులుతుందని అతని భయం. ఆ భయంలో ఒక నవల ఉంది. కథ అతన్ని వదిలేసి కథానాయకుడైన గొర్రెల కాపరి పిల్లవాడి వెంట వెళ్ళిపోతుంది.

మానవజాతి చరిత్ర చెప్పే హరారీ ‘సేపియన్స్’ది ఇంకో రకం ఇబ్బంది. ప్రశ్నలు బ్రహ్మాండంగా వేస్తాడు, డబ్బు, దేశం, చట్టం లాంటివి మనందరం కలిసి నమ్మిన కథలు అన్న చోట నిజంగానే పుస్తకం మూసి ఆలోచించాను. కానీ వ్యవసాయం చరిత్రలోకెల్లా పెద్ద మోసం అని ఒక్క దెబ్బతో తేల్చేస్తే, వేల ఏళ్ళు వేర్వేరు చోట్ల వేర్వేరుగా జరిగిన మార్పును ఒక నినాదంలోకి కుదించినట్టు ఉంటుంది. నచ్చిందా అంటే సగం నచ్చింది.

ప్రశ్న: నవలకు ఒక కొలత, సైన్స్ పుస్తకానికి ఒక కొలత, కవిత్వానికి ఒక కొలత పెట్టుకుంటారా? లేక అన్నిటికీ ఒకటేనా?

జవాబు: ఏ పుస్తకం ఏం చేస్తానని బయల్దేరిందో అది చేసిందా అన్నది మొదట చూస్తాను. డిటెక్టివ్ నవలను తత్వం లేదని తిట్టడం అన్యాయం. కానీ అన్నిటికీ కలిపి నేను అడిగేది ఒకటుంది. చెప్పాల్సింది చెప్పి, తేల్చుకోవడం నాకు వదిలిందా, లేక నా తరఫున తనే తేల్చేసి నాతో తలూపించాలని చూసిందా? క్రిస్టీ ఆధారాలిచ్చి పక్కకు తప్పుకుంది. టాల్‌స్టాయ్ చివరి పేజీల దాకా తప్పుకున్నాడు, అక్కడ మాత్రం వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు, నా పేచీ అదే. కోయెలో మొదటి నుంచీ పట్టుకునే ఉన్నాడు.

ప్రశ్న: మా అబ్బాయి కాలేజీకి వచ్చినా ఇంకా బొమ్మల పుస్తకాలే చదువుతాడు. పెద్దవాళ్ళు చదవదగ్గ బొమ్మల పుస్తకాలు నిజంగా ఉంటాయా?

జవాబు: ఉంటాయి. మీ అబ్బాయికి ఆర్ట్ స్పీగెల్‌మన్ ‘మౌస్’ ఇవ్వండి, అతనికన్నా ముందు మీరు చదవండి. రెండు భాగాలు, 1986లో ఒకటి, 1991లో ఇంకొకటి పుస్తకాలుగా వచ్చాయి, 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం ఇచ్చారు. నాజీల కాలంలో పోలండ్‌లో బతికి, ఆష్విట్జ్ నిర్బంధ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడ్డ తన తండ్రి వ్లాడెక్ కథను కొడుకు బొమ్మల్లో గీశాడు. యూదులు ఎలుకలు, నాజీలు పిల్లులు. విన్నప్పుడు పిల్లల కథలా ఉంటుంది, చదువుతుంటే ఆ ఎలుక మొహాల్లో మనుషుల మొహాలకన్నా ఎక్కువ బాధ కనబడుతుంది, ఎందుకో నేను ఇప్పటికీ పూర్తిగా వివరించలేను. మొహంలో వివరాలు తక్కువ కాబట్టి అక్కడ మనకు తెలిసినవాళ్ళను పెట్టుకుంటామేమో.

చాలా పుస్తకాల్లో అన్ని కష్టాలు పడి బతికినవాళ్ళను దేవుళ్ళను చేస్తారు. ఇక్కడ తండ్రి అలా లేడు. పిసినారి, రెండో భార్యను మాటలతో పొడుస్తుంటాడు, కొడుకుని ఊపిరాడనివ్వడు. జాతిద్వేషానికి బలైన ఆ మనిషే, కోడలు కారు ఆపి ఒక నల్లజాతి మనిషిని ఎక్కించుకుంటే చిరాకుపడిపోతాడు. కొడుకు అదంతా గీశాడు. యూదుడు పిసినారి అన్న పాత నిందకు తన తండ్రే సాక్ష్యంలా కనబడతాడేమోనన్న భయాన్ని కూడా పుస్తకంలోనే చెప్పాడు. తల్లి ఆత్మహత్య చేసుకున్న తర్వాత ఆమె డైరీలను తండ్రి తగలబెట్టేశాడని తెలిసి, కొడుకు ఆయన్ని హంతకుడా అంటాడు, మొదటి భాగం అక్కడ ముగుస్తుంది. అన్ని చావులు చూసి వచ్చిన మనిషికి కన్నకొడుకు నోటి నుంచి ఆ మాట! ఎవరిది తప్పు అని నేను చాలా సేపు కొట్టుకున్నాను, ఆ పుస్తకం మాత్రం ఎవరి పక్షానా మొగ్గలేదు.

రెండో భాగంలో ఒక బొమ్మ ఉంది. మొదటి పుస్తకం బాగా అమ్ముడుపోయాక రచయిత ఎలుక మాస్కు తగిలించుకుని బల్ల ముందు కూర్చుని ఉంటాడు, బల్ల కింద శవాల గుట్ట. ఇంకొకరి చావుల మీద తనకు పేరు వచ్చిందన్న బాధను వందల పేజీలు రాసినా అంత తేలిగ్గా చెప్పలేం. దేశాలవారీగా జాతులవారీగా మనుషుల్ని జంతువుల్ని చేయడం సరికాదని, ముఖ్యంగా పోలండ్‌వాళ్ళను పందులుగా గీయడం అన్యాయమని విమర్శలు వచ్చాయి. ఆ విమర్శలో బలం ఉంది, కొట్టిపారేయలేను.

ప్రశ్న: ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ సినిమా చూశాను. పుస్తకం కూడా చదవాలా?

జవాబు: చదవాలి, ఎందుకంటే సినిమాలో మీరు చూసింది పుస్తకంలో లేదు. ఫ్రాంకెన్‌స్టయిన్ అనేది ఆ వికృతాకారం పేరు కాదు, దాన్ని తయారుచేసిన కుర్రవాడి పేరు. అతను చేసిన ప్రాణికి పేరే లేదు. 1931 సినిమాలో అది మూలుగుతుంది తప్ప మాట్లాడదు, పుస్తకంలో మాత్రం అందరికన్నా బాగా మాట్లాడేది అదే. ఒక పేద కుటుంబం ఉంటున్న ఇంటి పక్కన దాక్కుని, గోడ సందులోంచి వాళ్ళను చూస్తూ భాష నేర్చుకుంటుంది, మిల్టన్ కావ్యం చదువుతుంది, వాళ్ళకు తెలియకుండా కట్టెలు తెచ్చి పెడుతుంది. గుడ్డివాడైన ముసలాయన దానితో దయగా మాట్లాడతాడు. చూపున్నవాళ్ళు రాగానే కొట్టి తరిమేస్తారు.

మేరీ షెల్లీ దీన్ని మొదలుపెట్టినప్పుడు ఆమె వయసు 18. 1818లో మొదటిసారి అచ్చయినప్పుడు రచయిత పేరు లేదు. ప్రాణం పోయడం తప్పని ఈ నవల చెబుతుందని చాలామంది అంటారు, నాకలా అనిపించలేదు. ప్రాణం పోసి, అది కళ్ళు తెరవగానే భయపడి పారిపోవడం అతని నేరం. కన్నవాళ్ళు వదిలేసిన బిడ్డ కథగా చదివితే ఇందులో భయంకన్నా దుఃఖం ఎక్కువ. మొదటి భాగం నెమ్మదిగా నడుస్తుంది, ఉత్తరాలూ ప్రకృతి వర్ణనలూ ఎక్కువ, ఓపిక పట్టండి. ఆ ప్రాణి నోరు విప్పిన దగ్గర్నుంచి ఆగలేరు.

ప్రశ్న: నచ్చకపోతే పుస్తకం సగంలో ఆపేస్తారా?

జవాబు: ఆపేస్తాను. ఆపేసినవాటి మీద అభిప్రాయం మాత్రం రాయను.

ప్రశ్న: అన్నీ బయటి పుస్తకాలేనా? తెలుగులో ఈమధ్య ఏం చదివారు?

జవాబు: ఎందుకు చదవను! కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ మళ్ళీ తీశాను. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు అడవిలోకి వెళతాడు, ఒక్క రాత్రి కథ. దీన్ని ఎప్పుడూ హెమింగ్వే నవల ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ’తో పోలుస్తారు. పోలిక కొంతవరకే. అక్కడి ముసలివాడి పంతం కన్నా ఇక్కడి ముసలివాడి అవసరం నన్ను ఎక్కువ కదిలించింది, ఈనిన పంది తన పిల్లల కోసం యజమానిని కూడా దగ్గరకు రానివ్వని చోట ఎవరి పక్షం వహించాలో తెలియక గింజుకున్నాను. రచయిత కుష్ఠు రోగులకు వైద్యం చేసిన డాక్టర్. మనుషులు కళ్ళు తిప్పుకునే చోట కళ్ళు నిలిపి చూడటం ఆ వృత్తి నుంచి వచ్చిందేమోనని నా ఊహ.

కవిత్వం అడిగినవాళ్ళకు తిలక్ ‘అమృతం కురిసిన రాత్రి’. ఆయన 1966లో పోయారు, పుస్తకం 1968లో వచ్చింది, 1971లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. వెన్నెలనూ ఆడపిల్లలనూ తలుచుకుని అందరూ మెచ్చుకుంటారు గానీ, నాకు ‘తపాలా బంట్రోతు’ ముందు మిగతావి ఒక మెట్టు కిందే. ఇంటింటికీ కబుర్లు మోసే మనిషికి తన గుండె బరువు దించుకోవడానికి ఒక్క గడపా లేదన్న గమనింపు ఉందే, ఎన్నిసార్లు చదివినా గొంతు పట్టేస్తుంది. కొన్ని కవితల్లో మాత్రం మాటల మెరుపు మరీ ఎక్కువై వెనక ఉన్న బాధ కనబడదు.

ప్రశ్న: పెద్ద పుస్తకాలు చదివే తీరిక లేదు. ఒక్క కథల పుస్తకం చెప్పండి.

జవాబు: చాసో (చాగంటి సోమయాజులు) కథలు. కొన్ని నాలుగైదు పేజీలే. ‘ఎంపు’ ముందు చదవండి. ముష్టివాళ్ళ గుంపులో ఒక పిల్లకు కుంటివాడి మీద మనసు, తండ్రేమో గుడ్డివాణ్ణి చేసుకోమంటాడు, గుడ్డివాడికైతే ఎక్కువ ముష్టి పడుతుందని. తండ్రి చెడ్డవాడు కాడు, కూతురి కడుపు నిండాలని చూస్తున్నాడు, లెక్క కూడా సరైనదే. చాసో ఎక్కడా గొంతు పెంచడు, ఇది ఘోరం అని ఒక్క మాటా అనడు. ఆ తర్వాత ‘వాయులీనం’ చదవండి, భార్య వైద్యం కోసం ఆమె వాయించే ఫిడేలునే అమ్మేసిన భర్త కథ. రెండూ వెంటవెంటనే మాత్రం వద్దు, మధ్యలో ఒక రోజు వదలండి.